నీరసానికి ‘మైటోకాండ్రియా’ మాత్రలు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. గాజువాకలో ఉంటాం. కొన్ని నెలలుగా ఒకటే నీరసం. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. నెలసరిలో రక్తస్రావం కూడా ఎక్కువగానే ఉంటోంది. కణాల్లో మైటోకాండ్రియా శక్తి తగ్గిందని, కోఎంజైమ్ క్యూ10 మాత్రలు వాడమని బంధువులు చెబుతున్నారు. ధర చూస్తే గుండె గుభేలుమంది. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ డబ్బు దాచుకోండి. నెలసరి గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు కానీ, నా అనుమానమంతా దాని మీదే.

తిన్న అన్నం గ్లూకోజుగా మారి కణానికి చేరుతుంది. ఆక్సిజన్ తోడు లేకుండా ఒక్కో గ్లూకోజు అణువు నుంచి కణానికి దక్కేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం తన పనులకు ఖర్చు చేసుకునే శక్తి అణువు). కణంలోని విద్యుత్కేంద్రం లాంటి మైటోకాండ్రియా రంగంలోకి దిగితే మొత్తం సుమారు 30 దాకా వస్తాయి. ఆహారం నుంచి విడివడిన ఎలక్ట్రాన్లు దాని లోపలి పొరలోని ప్రొటీన్ల మధ్య చేతులు మారుతూ, చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌తో కలుస్తాయి. అక్కడ నీరు తయారవుతుంది. దారిలో వెలువడే శక్తి ప్రోటాన్లను పొర అవతలికి తోస్తుంది. సీలేరులో ఆనకట్ట వెనక నిలిచిన నీరు టర్బైన్‌ను తిప్పినట్టు, ఆ ప్రోటాన్లు వెనక్కి వస్తూ ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమును తిప్పుతాయి. అది నిజంగానే గిరగిరా తిరుగుతుంది! అన్నట్టు, 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆ ప్రొటీన్లలో చాలావాటికి ఇనుము కావాలి. ఆక్సిజన్‌ను మోసుకొచ్చే హిమోగ్లోబిన్‌కూ ఇనుమే ఆధారం. నెలనెలా రక్తం ఎక్కువగా పోతుంటే రెండు చోట్లా దెబ్బ తగులుతుంది. క్యూ10 కూడా అదే దారిలో ఎలక్ట్రాన్లను మోసేదే. అయితే దాన్ని మన శరీరమే తయారుచేసుకుంటుంది. మామూలు నీరసానికి మాత్రగా మింగితే ఫలితం ఉంటుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో ఆ మందు ప్రభావాన్ని ఇది తగ్గించవచ్చు.

సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పేది), థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఫెరిటిన్ తక్కువైతే నీరసం ఉండవచ్చు. కాబట్టి ‘రక్తం బాగానే ఉంది’ అన్న మాటతో ఆగిపోకండి. గైనకాలజిస్టును కలిస్తే గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నాయేమో స్కానింగ్‌లో చూస్తారు. రక్తం పోయే కారణం అలాగే ఉంటే ఎన్ని మాత్రలు మింగినా చిల్లుకుండలో నీళ్లే. ఆయాసం ఉంది కాబట్టి ఈసీజీ కూడా తీయించుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, కూర్చున్నా ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

భోజనం చేయగానే టీ తాగే అలవాటుంటే మానండి, అది ఇనుమును ఒంటబట్టనివ్వదు. ఆయాసం తగ్గాక బీచ్ రోడ్డులోనో మీ వీధిలోనో రోజూ నడవండి. క్రమం తప్పని వ్యాయామంతో కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి, దానికి ఖర్చేమీ లేదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే మలం నల్లగా రావచ్చు, కంగారుపడకండి. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే ఆపేయవద్దు. నిల్వలు నిండడానికి సాధారణంగా మరో మూడు నెలలు వాడమంటాం.