సంతకం చూసి నమ్మొద్దని నేర్పే చదువు

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. మా మామగారు దాచుకున్న పాత సోవియట్ పుస్తకాల్లో అడవిలో ఎలుగుబంట్ల బొమ్మ చూసినప్పటి నుంచి రష్యన్ చిత్రాల పిచ్చి పట్టింది. పాత బొమ్మలు అసలువో నకిలీవో తేల్చి విలువ కట్టే పని నేర్చుకుంటానంటోంది. దాంతో బతకగలదా?

జవాబు: బతకగలదమ్మా. అయితే రష్యన్ బొమ్మల మీదే బతకాలనుకుంటే కష్టం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక లండన్‌లోని పెద్ద వేలం సంస్థలు ఆ జూన్‌లో జరగాల్సిన రష్యన్ కళ వేలాలు రద్దు చేసుకున్నాయి. అందుకే ముందు ఏ దేశపు బొమ్మనైనా పరీక్షించగలిగే విద్య చేతికి రావాలి, రష్యన్ ఆ పైన.

ఆ ఎలుగుబంట్ల బొమ్మ రష్యన్ చిత్రకారుడు ఇవాన్ శిష్కిన్ 1889లో వేసిన ‘పైన్ అడవిలో ఉదయం’ అయి ఉంటుంది. అందులో అడవి శిష్కిన్‌ది, ఎలుగుబంట్లు ఆయన స్నేహితుడు సవీత్స్కీవి. ఇద్దరూ సంతకం పెట్టారు. కొనుక్కున్న మాస్కో వ్యాపారి త్రెత్యకోవ్ మాత్రం సవీత్స్కీ సంతకాన్ని తుడిచేయించాడు. అసలు బొమ్మ మీదే ఒక సంతకం మాయమైందంటే, సంతకాన్ని ఎంతవరకు నమ్మాలో మీ అమ్మాయికి ఇక్కడే తెలుస్తుంది.

2004లో జరిగింది ఇంకా పెద్ద పాఠం. శిష్కిన్ వేసిందంటూ ఒక వాగు ఒడ్డు చిత్రం లండన్ సోథెబీస్ వేలానికి వచ్చింది. ఐదున్నర లక్షల నుంచి ఏడు లక్షల పౌండ్లు పలుకుతుందని అంచనా కట్టారు. మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీ అసలుదేనని పత్రం కూడా ఇచ్చింది. తీరా వేలానికి కాసేపటి ముందు దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఏడాదే స్టాక్‌హోమ్‌లో కూక్‌కూక్ అనే డచ్ చిత్రకారుడి పేరు మీద, ఈ అంచనాలో పదో వంతు కూడా లేని ధరకు అమ్ముడైన బొమ్మ అది! అందులోని కొన్ని ఆకారాలు చెరిపి, శిష్కిన్ సంతకం చేర్చారు.

ఇందులో మీ అమ్మాయి కెమిస్ట్రీకి సంబంధించిన మెలిక ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన టైటానియం తెలుపు 1870 నాటి ఆకాశంలో కనిపిస్తే దొంగ దొరికినట్టే, లేదా తర్వాత ఎవరో మరమ్మతు చేసినట్టు. కానీ ఈ బొమ్మకు కాన్వాసు ఆ కాలానిదే, రంగులూ ఆ కాలానివే. మొత్తం బొమ్మ మీద ల్యాబ్ తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. చెరిపిన చోట్లనూ సంతకాన్నీ పట్టి చూడాలి. అతినీలలోహిత కాంతిలో పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన రంగు నల్ల మచ్చలా తేలుతుంది. మైక్రోస్కోపు కింద సంతకం అక్షరాలూ చూడాలి. నాటి సంతకమైతే రంగు పొరతో పాటు అదీ బీటలు వారుతుంది. బీటల్లోకి రంగు దిగి ఉంటే, బొమ్మ ముసలిదయ్యాక ఎవరో రాశారన్నమాట.

మిగతాది కన్ను చేయాల్సిన పని. శిష్కిన్ 1860లలో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో పనిచేశాడు. అక్కడి పద్ధతి అంటుకున్న చేయి కాబట్టే పశ్చిమ యూరప్ చిత్రకారుల అడవులను ఆయన పేరు మీద చలామణీ చేయడం తేలికైంది. ఆ తేడా పట్టాలంటే అసలు బొమ్మలు వందల గంటలు చూడాలి, పాత వేలం కేటలాగులు తిరగేయాలి. నా దృష్టిలో బొమ్మ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కాగితాలతో నిరూపించడమే ఈ వృత్తిలో సగం పని. దానికి రష్యన్ చదవడం రావాలి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రష్యన్ నేర్పుతారు.

డిగ్రీ పూర్తికాగానే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ (పాత కళాఖండాల పరిరక్షణ) ఎంఏకి ప్రయత్నించమనండి. పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. లక్నోలో కేంద్ర ప్రభుత్వ పరిరక్షణ ప్రయోగశాల ఉంది, కెమిస్ట్రీ వాళ్లకు సరైన చోటు. మొదటి ఉద్యోగం మ్యూజియం ల్యాబ్‌లో చూసుకోవాలి. విలువ కట్టే పని అనుభవం వచ్చాకే. ఒక్క మాట గట్టిగా చెప్పండి: కట్టిన విలువలో శాతం ఫీజుగా తీసుకోకూడదు. ఎక్కువ కడితే ఎక్కువ వస్తుందన్న ఆశ కంటికి పొర కమ్మేస్తుంది. రోజుకో బొమ్మకో ఇంతని ముందే మాట్లాడుకోవాలి.

రష్యన్ బొమ్మల కోరిక మన దేశంలోనూ తీరుతుంది. శిష్కిన్ తరం ప్రకృతి చిత్రకారుడు కుయింజీ దగ్గర చదువుకున్న నికొలాయ్ రోరిక్ కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడ్డాడు. ఆయన బొమ్మలను మన ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది, దేశం దాటించడానికి వీల్లేదు.

ఈ సెలవుల్లో అమ్మాయిని సాలార్‌జంగ్ మ్యూజియం యూరోపియన్ చిత్రాల గదికి తీసుకెళ్లండి. ఒకే బొమ్మ ముందు గంట కూర్చుని, సంతకం ఎక్కడుంది, ఏ రంగుతో ఉంది, ఆకులు ఒక్కొక్కటిగా వేశాడా గుంపుగా వేశాడా అని నోట్‌బుక్‌లో రాయమనండి. విసుగు రాకుండా రెండో బొమ్మ దగ్గరికి నడిస్తే, ఎంఏ దరఖాస్తు విషయం నాతో మాట్లాడమనండి.