జనవరిలో తగ్గిన వాన

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. థీసిస్ డేటా బయట ఎవరికీ ఇవ్వనని, ఆర్ అనే లెక్కల కంప్యూటర్ భాష నేర్చుకుని నువ్వే చేసుకుంటానని అన్నావట. "గైడ్ ఏమంటారో, ఇదేం చేస్తుందో, నువ్వైనా చెప్పక్కా" అని దాని టెన్షన్ దానిది. నాకు మాత్రం సంతోషమేసింది. పొలంలో ఏడాదంతా ఎండకు మాడి, చివర్లో ఆ అంకెల్ని ఎవరి చేతిలోనో పెట్టి, డబ్బులిచ్చి టేబుల్స్ తెచ్చుకునే పిల్లల్ని సర్వీసంతా చూశాను. వైవాలో "ఈ సగటు ఎలా వచ్చింది?" అని అడిగితే నేల చూపులు చూస్తారు. నువ్వు అలా నిలబడక్కర్లేదు.

ఆ సంతోషంతోనే పడుకున్నానా, రెండింటికి మెలకువ వచ్చేసింది. నేను చేసిన పాత తప్పు గుర్తొచ్చి. అందుకే ఈ ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తా. ఫీల్డ్ బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. అడవి పందులు మేసిన మడికి సున్నా వేయకు, ఎన్‌ఏ అని వేయి. సున్నా అంటే పండలేదని, ఎన్‌ఏ అంటే మనకు తెలియదని. సగటు అడిగేటప్పుడు ఎన్‌ఏలు వదిలేయమని చివర్లో చెప్పాలి, లేకపోతే జవాబు కూడా ఎన్‌ఏ అనే వస్తుంది. బీపీటీ 5204, ఎంటీయూ 1010 అని వరి రకాల పేర్లున్న కాలమ్‌ను పక్కన పెట్టాకే అప్లై వాడు, అదే, ఒకే లెక్కను వరుస వరుసకీ వేసే ఫంక్షన్. పేర్లతో కలిపి ఇస్తే అంకెలన్నీ అక్షరాలైపోతాయి. ఒక్క రకం విడిగా తీసినప్పుడు మ్యాట్రిక్స్ (అంకెల పట్టిక) కాస్తా ఉత్త వరుసగా మారిపోయి, అప్లై మొరాయిస్తుంది. అలా మారకుండా డ్రాప్ ఫాల్స్ అని పెట్టు. ఇవన్నీ నెలరోజుల్లో నీకే అలవాటవుతాయి.

ఇక అప్లైలో మార్జిన్. 1 అంటే రో (అడ్డ వరుస) వారీగా, 2 అంటే కాలమ్ (నిలువు వరుస) వారీగా అని అందరూ బట్టీ పడతారు, పరీక్ష రోజు తిరగేస్తారు. నువ్వు బట్టీ పట్టకు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు చేత్తో తిప్పే ఫాసిట్ లెక్కల మిషన్ ఉండేది. గీతల కాగితం మీద దిగుబడులు రాసుకుని, అడ్డంగా కూడిన మొత్తాలు కుడివైపు అంచున, నిలువుగా కూడినవి కింది అంచున వేసేవాళ్లం. ఆ అంచే మార్జిన్. ఏ అంచున రాస్తున్నావో అది మిగులుతుంది, తక్కినది కూడికలో కలిసిపోతుంది. నీ డేటా 8 రకాలు, 4 నత్రజని మోతాదులు, 3 రెప్లికేషన్లు (అదే ప్రయోగం మళ్లీ వేసిన మడులు) కదా. మూడు దిక్కుల పెట్టె అన్నమాట. మార్జిన్ దగ్గర 1, 2 రెండూ ఇచ్చి సగటు అడిగావనుకో, రకమూ మోతాదూ మిగిలి రెప్లికేషన్లు కరిగిపోతాయి. 8 × 4 టేబుల్ చేతికొస్తుంది. ఒక్క 3 ఇస్తే రెప్లికేషన్‌కు ఒకటి చొప్పున మూడే అంకెలు వస్తాయి. ఎంటర్ కొట్టే ముందు "ఏది మిగలాలి?" అని పైకే అనుకో. హాస్టల్లో పక్క పిల్ల నవ్వితే నవ్వనీ.

ఇప్పుడు నా సంగతి.

2007లో మా వ్యవసాయ పరిశోధన స్టేషన్ వర్షపాతం రికార్డంతా కంప్యూటర్లోకి ఎక్కించాం. 30 ఏళ్లు, 12 నెలలు. ఏళ్లు రోలుగా, నెలలు కాలమ్‌లుగా 360 గడులు. ఆర్ అప్పుడప్పుడే నేర్చుకున్నాను, మహా హుషారు. ప్రతి నెలకూ సగటు తీసి, ఏ ఏడు ఏ నెలలో ఎంత ఎక్కువ పడింది, ఎంత తక్కువ పడింది చూపించాలి. సగటులు సరిగ్గానే తీశాను, నిలువుగా, 12 అంకెలు. ఆ తర్వాత మ్యాట్రిక్స్‌లోంచి ఆ 12 అంకెల్ని మైనస్ చేశాను. ఒక్క లైను. ఎర్ర అక్షరాలు లేవు, హెచ్చరిక లేదు, చక్కగా 30 × 12 వచ్చింది.

నేనేమీ గుడ్డిగా నమ్మలేదు, చిన్నీ. మొదటి గడి కాలిక్యులేటర్ మీద చూశాను, సరిపోయింది. చివరి గడి చూశాను, అదీ సరిపోయింది. తేడాలన్నీ కలిపి కూడితే సున్నా రావాలి, వచ్చింది. ఇంకేం కావాలి?

రంగుల చార్టు గీశాను. జనవరి కాలమ్‌లో ఆరో ఏడు నుంచి తొమ్మిదో ఏడు దాకా పెద్ద లోటు. మళ్లీ పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా. ముప్పయ్యో ఏట మళ్లీ మొదలు. సరిగ్గా 12 ఏళ్లకోసారి, పుష్కరాల్లాగా! నా ఒళ్లు ఝల్లుమంది. ఎవరూ గమనించని చక్రమేదో నాకు దొరికిందనుకున్నాను. ఆ రాత్రే నోట్ రాసి, పొద్దున్నే పై ఆఫీసుకు పంపించేశాను.

మా దగ్గర రోజూ ఎనిమిదిన్నరకు రెయిన్‌గేజ్ చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. టీ ఇవ్వడానికి వచ్చి, గోడకు అంటించిన చార్టు చూశాడు. ఈ ఎరుపేమిటని అడిగితే వివరించాను. ఆయన కాసేపు నిలబడి, "జనవరిల మనకు పడేదే ఆరు మిల్లీమీటర్లు. అండ్ల రెండొందల ముప్పై ఎట్ల తక్కువైతది మేడం? అప్పు దెచ్చి తగ్గించినమా?" అన్నాడు.

టీ అక్కడే చల్లారిపోయింది.

జరిగింది ఇదీ. ఆర్ మ్యాట్రిక్స్‌ను నిలువుగా పేర్చుకుంటుంది, ఒక కాలమ్ అయ్యాక ఇంకో కాలమ్. ఫోర్ట్రాన్ నాటి అలవాటు అది. నేనిచ్చిన 12 సగటుల్ని జనవరి కాలమ్ పైనుంచి కిందికి ఒక్కో ఏడుకీ ఒక్కోటి చొప్పున పంచుకుంటూ పోయింది. మొదటి ఏడు జనవరిలోంచి జనవరి సగటు, రెండో ఏడు జనవరిలోంచి ఫిబ్రవరి సగటు, ఏడో ఏడు జనవరిలోంచి జూలై సగటు 230. పన్నెండూ అయిపోగానే మళ్లీ మొదటికి. నాకు కనిపించిన పుష్కరం ఈ తిరుగుడే. మరోవైపు మొదటి ఏడు జూలైలోంచి తీసింది జనవరి సగటు 6, అందుకని అక్కడ కురిసిందంతా అదనపు వానై కూర్చుంది. 360ని 12తో భాగిస్తే శేషం లేదు కాబట్టి ఆర్‌కు అనుమానం రాలేదు. ఎన్నేళ్ల డేటా ఇచ్చినా అంతే, శేషం రాదు, హెచ్చరికా రాదు. నా మూడు పరీక్షలూ ఎందుకు నెగ్గాయో తెలుసా? మొదటి గడికి ఎప్పుడూ మొదటి సగటే పడుతుంది, చివరి గడికి చివరిదే. ఒక్కో సగటునూ 30 సార్లు తీసేశాం కాబట్టి మొత్తం కూడా సున్నాయే. తప్పంతా మధ్యలో ఉంది. నేను అంచులు చూసి మురిసిపోయాను.

నెల వారీగా కూడి ఉంటే అప్పుడే దొరికిపోయేది. తేడాల మ్యాట్రిక్స్‌లో ఒక్కో కాలమ్ సగటూ విడివిడిగా సున్నా రావాలి. నాది వేస్తే జనవరికి మైనస్ డెబ్బై ఎంతో వచ్చింది. ఆ రోజే ఇంకో ఉత్తరం రాశాను, తప్పు నాదేనని, ఆ నోట్ పక్కన పడేయమని. పై ఆఫీసు నుంచి ఒక్క మాటా రాలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

అందుకే, కాలమ్ సగటుల్ని తీసేయాలంటే ఉత్త మైనస్ గుర్తు వాడకు. స్వీప్ అని ఉంది, దానికి మార్జిన్ 2 అని చెప్పు. కొలతలు కుదరకపోతే అది హెచ్చరిస్తుంది కూడా. రో సగటుల్ని తీసేయడానికి మైనస్ పనిచేస్తుంది, నిజమే. కానీ అలా ఒకసారి పనిచేసిన అలవాటే నన్ను ముంచింది. ఇందులో మాత్రం నా మాట విను, వాదించకు.

అప్లై కూడా ఒక చిలిపి పని చేస్తుంది. రో వారీగా వెళ్లి, ఒక్కో రోకు ఒక్క అంకె కాకుండా వరుసే తిరిగిచ్చే పని చెప్పావనుకో, ఉదాహరణకు ప్రతి రకానికీ మోతాదుల వారీ శాతాలు, అప్పుడు 8 × 4 పంపితే 4 × 8 వస్తుంది. టీ అనే ఫంక్షన్‌తో తిప్పుకోవాలి. ఇక్కడైతే ఆకారం మారింది కాబట్టి కంటికి కనిపిస్తుంది. 4 రకాలు, 4 మోతాదులు తీసుకుని చేసిన రోజు కనిపించదు. చదరపు మ్యాట్రిక్స్ అంటే నాకు ఇప్పటికీ భయం. రోలకూ కాలమ్‌లకూ పేర్లు పెట్టకుండా ఒక్కటీ చేయకు.

ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ రాస్తే సీనియర్లు నవ్వుతారట, మీ అమ్మ చెప్పింది. నవ్వనీ. అప్లై లోపల తిరిగేదీ లూపే. ఉత్త మొత్తాలు, సగటులు కావాలంటే రోసమ్స్, కాల్‌మీన్స్ ఉన్నాయి, అప్లైకన్నా వేగం. నీ 96 అంకెలకు వేగంతో పనేముంది గానీ, చదివేవాళ్లకు తేలిక.

ఆ పెద్దాయన రిటైరై చాలా ఏళ్లయింది. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. "జనవరి వాన ఎట్లుంది మేడం?" అంటాడు, ఇద్దరం నవ్వుకుంటాం. ఈసారి ఆయనకు నీ గురించి చెప్తాను.

ముందు 3 × 4 చిన్న మ్యాట్రిక్స్ తీసుకుని, కాగితం మీద చేత్తో చేసి, తర్వాత ఆర్‌లో చేసి, రెండూ వాట్సాప్‌లో ఫోటో పంపు. మధ్య గడులు నేను చూస్తాను. రాత్రిళ్లు రెండింటి దాకా కూర్చోకు, అప్పుడు వచ్చే తప్పులు పొద్దున్న కనబడవు. తిన్నావో లేదో కూడా రాయి. ఫోన్ చేస్తే పది దాటాక చెయ్యి, అంతకుముందు మాకు నీళ్లొచ్చే టైం.

మీ పెద్దమ్మ