నాన్నగారు డయాలిసిస్ వద్దంటున్నారు.. ఒప్పించాలా, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 78 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహం, గుండె బలహీనత ఉన్నాయి. కిడ్నీలు దాదాపు పూర్తిగా దెబ్బతిన్నాయని, డయాలిసిస్ మొదలుపెట్టాల్సి ఉంటుందని డాక్టర్ చెప్పారు. నాన్నగారు మాత్రం వద్దని తేల్చి చెప్పేశారు. ఆయనకు ఇష్టం లేకుండా చేయలేమని డాక్టర్ అంటున్నారు. ప్రాణం కాపాడటం డాక్టర్ బాధ్యత కాదా? ఇలా ఊరుకుంటే ఆయన్ని మేమే చేజేతులా పోగొట్టుకున్నట్టు కాదా?

జవాబు: మీ డాక్టర్ చెప్పింది సరైనదే. అయితే ‘ఆయన వద్దన్నారు కాబట్టి చేయం’ అనడంతో వైద్యుడి బాధ్యత తీరిపోదు. ఆ ‘వద్దు’ మీ నాన్నగారు అన్నీ తెలుసుకుని, నిదానంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయమా, లేక భయమో, కుంగుబాటో, జబ్బు తెచ్చిన అయోమయమో ఆయన చేత అలా చెప్పిస్తోందా అన్నది ముందు తేలాలి.

ప్రాణం కాపాడటం వైద్యుడి బాధ్యతే గానీ, అదొక్కటే బాధ్యత కాదు. టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు 1979లో వైద్య నీతిని నాలుగు సూత్రాలుగా క్రోడీకరించారు. రోగి స్వయం నిర్ణయాధికారాన్ని గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, అందరిపట్లా న్యాయంగా ఉండటం అన్నవే అవి. వీటిలో ఏది ఎప్పుడు పైచేయి కావాలో సందర్భాన్ని బట్టి తూచుకోవలసిందే. కానీ ఆలోచనాశక్తి సవ్యంగా ఉన్న పెద్దవారి శరీరం మీద వారి అనుమతి లేకుండా చికిత్స చేయరాదన్న హద్దు మాత్రం అంతకన్నా పాతది. తన శరీరానికి ఏం జరగాలో నిర్ణయించుకునే హక్కు అలాంటి ప్రతి మనిషికీ ఉందని న్యూయార్క్ న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో 1914లోనే ఒక తీర్పులో స్పష్టం చేశారు.

ఇక్కడ డయాలిసిస్ చరిత్రను కొంచెం చెప్పాలి. 1960లో సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతికి శాశ్వతంగా అమర్చే గొట్టాన్ని రూపొందించాక, ఏళ్ల తరబడి డయాలిసిస్ చేయడం వీలైంది. యంత్రాలు కొన్నే ఉండటంతో, ఎవరికి అవకాశం ఇవ్వాలో నిర్ణయించే పనిని ఎక్కువగా సామాన్య పౌరులే ఉన్న ఒక కమిటీకి అప్పగించారు. ఆ కమిటీ మనుషుల ఉద్యోగం, కుటుంబం, సమాజంలో వారి స్థానం కూడా చూసి ప్రాణాలను తూచిందని 1962లో బయటపడినప్పుడు తీవ్రమైన చర్చ రేగింది. ఆధునిక వైద్య నీతిశాస్త్రం రూపుదిద్దుకోవడానికి ఆ చర్చా ఒక కారణం. ఆనాడు అడిగింది ఈ చికిత్స ఎవరికి దక్కాలి అని. చికిత్స అందుబాటులో ఉన్నంత మాత్రాన ప్రతి ఒక్కరూ దాన్ని తీసుకుని తీరాలా అన్నది ఇప్పుడు మీ ఇంటి ముందున్న ప్రశ్న.

మీ నాన్నగారి విషయంలో మొదట పరీక్షించవలసింది నిర్ణయం తీసుకునే సామర్థ్యాన్ని. కిడ్నీలు విఫలమై రక్తంలో వ్యర్థాలు పేరుకుపోతే మగత, తికమక కలుగుతాయి. దీర్ఘకాలిక జబ్బులతో ఉన్న పెద్దవారిలో కుంగుబాటు కూడా తరచుగా కనిపిస్తుంది, దానికి చికిత్స ఉంది. చెప్పిన విషయం అర్థమవుతోందా, అది తన పరిస్థితికి వర్తిస్తుందని గ్రహిస్తున్నారా, లాభనష్టాలను బేరీజు వేయగలుగుతున్నారా, తన నిర్ణయాన్ని నిలకడగా చెప్పగలుగుతున్నారా అని వైద్యుడు చూడాలి. వైద్యుడి సలహాకు ఎదురు చెప్పడమే సామర్థ్యం లేదనడానికి రుజువు కాదు. రోగి సరేనన్నప్పుడు ఎవరికీ రాని అనుమానం వద్దన్నప్పుడే రావడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత ఆయన దేన్ని వద్దంటున్నారో అడగండి. రక్త డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకునే పద్ధతీ ఉంది. కొన్ని వారాలు చేయించుకుని, ఒంటికి పడకపోతే ఆపేసేలా ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఇవి తెలిశాక కొందరు మనసు మార్చుకుంటారు. అలాగే, పెద్ద వయసుకు గుండె జబ్బు కూడా తోడైనవారిలో డయాలిసిస్ వల్ల అదనంగా లభించే ఆయుష్షు తక్కువగా ఉండవచ్చని, అందులో చాలా భాగం ఆసుపత్రిలోనే గడిచిపోవచ్చని మీరు కూడా తెలుసుకోవాలి. ఎవరికీ భారం కాకూడదనే వద్దంటున్నారేమో మెల్లగా కనుక్కోండి, కానీ కన్నీళ్లతోనో, ఒట్లు వేయించుకునో ఒప్పించకండి. అలా రాబట్టిన అంగీకారం ఆయనది కాదు, మీది.

అన్నీ తెలిసి కూడా ఆయన వద్దంటే, మీరు ఆయన్ని వదిలేసినట్టు కాదు. ఇది ఆత్మహత్య కూడా కాదు. మరణానికి కారణం జబ్బే అవుతుంది తప్ప, భారమనిపించిన చికిత్సను కాదనడం కాదు. పైగా చికిత్స అంతటితో ఆగిపోదు. ఒంట్లో చేరే నీటికి, ఆయాసానికి, రక్తహీనతకు, దురదకు, వికారానికి మందులు ఉన్నాయి. కిడ్నీలు పనిచేయనప్పుడు మార్ఫిన్ అనే నొప్పి మందు అవశేషాలు శరీరంలో పేరుకుపోతాయి కనుక నొప్పికి, ఆయాసానికి ఏ మందు వాడాలో పాలియేటివ్ కేర్ (బాధలను తగ్గించే ఉపశమన వైద్యం) తెలిసిన వైద్యుడే నిర్ణయించాలి. మీ అంతట మీరు నొప్పి మాత్రలు కొని ఇవ్వకండి. ఆయన ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చన్నది మాత్రం ఆయనకు స్పష్టంగా తెలియాలి.

వీలైనంత త్వరగా నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్య నిపుణుణ్ని) కలవండి. ఆ సమయంలో కొంతసేపు నాన్నగారితో డాక్టర్ ఒంటరిగా మాట్లాడేలా చూడండి, ఎందుకంటే పిల్లల ఎదుట చెప్పలేని మాటలు ఉంటాయి. స్పృహ సరిగ్గా లేని స్థితి వస్తే ఏం చేయాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆయన చేతనే రాయించి పెట్టుకోండి. ఈలోగా ఊపిరి అందకపోయినా, గుండె లయ తప్పినట్టనిపించినా, మగత పెరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అత్యవసర చికిత్సకు వెళ్లినంత మాత్రాన డయాలిసిస్‌కు ఒప్పుకున్నట్టు కాదని ఆయనకు ముందే చెప్పి ఉంచితే, అవసరమైనప్పుడు బయల్దేరడానికి ఆయన వెనకాడరు.