చేపల తొట్టిలో చేయి పెడితే జివ్వుమంటోంది, చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి. తిరుపతిలో పాత ఇల్లు మాది. భయపడాలా?

భయపడాలి. ముందు పొడి చేతులతో స్విచ్ ఆపి, ప్లగ్గులన్నీ తీసేయండి.

చేపలు బాగున్నాయని ధైర్యం తెచ్చుకోకండి. గాజు తొట్టిలో నీళ్లకు నేలతో సంబంధం లేదు. తీగ మీద వాలిన పిట్టలాగే చేపల గుండా కరెంటు పారదు. తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి మీరు చేయి ముంచితే 230 వోల్టులకు దారి దొరుకుతుంది.

నా అనుమానం మొదట హీటర్ మీదే. నీళ్లు మార్చేటప్పుడు ఆపకుండా వదిలేస్తే, వేడి గాజు గాలికి తేలి, చన్నీళ్లు తగలగానే చిట్లుతుంది. ఆపిన 15, 20 నిమిషాల తర్వాతే నీళ్లు తీయాలి. అసలు తిరుపతి ఎండల్లో ఏడాదిలో ఎక్కువ కాలం హీటర్‌తో పనేముంది? డిసెంబరు, జనవరి రాత్రులకు దాచుకోండి. హీటర్ కాకపోతే పంపు వైరు తొడుగు ఎక్కడో చిట్లి ఉంటుంది. దాన్ని టేపు చుట్టి మళ్లీ నీళ్లలో ముంచొద్దు, మార్చేయండి.

ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతట అదే ఆగే స్విచ్) ఉందిగా అంటారేమో. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. కరెంటు నేలకు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పాత ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో అదీ చూపించండి.

వైరును సాకెట్ కంటే కిందికి వేలాడేలా వదిలితే, జారే నీటిబొట్టు సాకెట్‌లోకి పోకుండా నేల మీద పడుతుంది. గాలి పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదంటే కరెంటు పోయినప్పుడు గొట్టం నీళ్లను వెనక్కి లాగుతుంది.