పరుగులో గుర్రం గొంతు గరగరమంటే దమ్ము లేనట్టు కాదు

"మా తమ్ముడు సంక్రాంతి పందేలకని హైదరాబాదు నుంచి రేసుల్లో తీసేసిన గుర్రాన్ని కొని తెచ్చాడు. దౌడు అందుకోగానే గొంతులో గరగరమంటోంది. దమ్ము పెరగడానికి ఏం పెట్టాలి?" అని అడిగారు.

ఏమీ పెట్టొద్దు. అది దమ్ము చాలక వచ్చే చప్పుడు కాదు, గాలి వెళ్లే దారి ఇరుకై వచ్చే చప్పుడు. ఉలవలు, బెల్లం, నాటుగుడ్లు, ఎవరో చెప్పిన లేహ్యం, ఏది పెట్టినా ఆ దారి వెడల్పవదు. మా తాత విజయనగరంలో స్టేషనుకీ కోటకీ మధ్య జట్కా తోలినవాడు. నేను హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సు గుర్రపుశాలల్లో సైసుగా, అంటే గుర్రాల్ని చూసుకునేవాడిగా, పనిచేసి వచ్చాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఒక సంగతి మీ తమ్ముడి బుర్రకెక్కించండి. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. అలిసిపోతే మనం నోరు తెరుస్తాం, కుక్క తెరుస్తుంది, ఎద్దు కూడా తెరుస్తుంది. గుర్రానికి ముక్కు ఒక్కటే దారి. పైగా దౌడులో ఒక్కో దూకుకి ఒక్కో ఊపిరి. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు పీల్చేది పందెంలో 120 దాటిపోతుంది. కాళ్లది ఎంత వేగమో ఊపిరిదీ అంతే వేగం, మధ్యలో ఆగి తీరిగ్గా పీల్చుకోవడం దాని చేతిలో లేదు.

గజపతినగరం అవతల ఒక ఊళ్లో అమ్మవారి పండక్కి గుర్రం పందేలు పెట్టారు. మా మావయ్య వరస ఆయన ఒకాయన తెల్లగుర్రాన్ని దింపాడు. అదీ రేసుల్లోంచి వచ్చిందే, మంచి పొడుగు, మెడ చూస్తే చూడాలనిపించేది. తారు రోడ్డు మీద మొదలవగానే అన్నిటికన్నా ముందుకొచ్చింది. చెరువుగట్టు మలుపు దగ్గరికి వచ్చేసరికి దాని చప్పుడు జనం ఈలల్లోంచి కూడా వినిపించింది. లోపలికి పీల్చిన ప్రతిసారీ రంపం లాగినట్టు గర్రుమంటోంది. వేగం తగ్గింది. వెనకవి రెండూ దాటిపోయాయి. పందెం కాసినవాళ్లు తిట్లు మొదలుపెట్టారు. మావయ్య దిగి, పగ్గం పట్టుకుని, కొరడాతో ముఖం మీద కొట్టాడు. "దొంగేషాలేస్తన్నాదిరా ఇది! తిన్నదంతా ఏటైపోనాది?" అంటున్నాడు. దాని ముక్కుపుటాలు చిరిగిపోతాయేమో అన్నంత విప్పుకుని ఉన్నాయి, కళ్లు తెల్లబడ్డాయి. నేను అడ్డంపడి కొరడా లాక్కున్నాను.

"నీకేటి తెలుసురా, నువ్వు డాక్టరువా?" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని దాని గొంతు మీద పెట్టాను. కుడిపక్క కండ నిండుగా ఉంది. ఎడమపక్క కండ కరిగిపోయి, లోపలి మృదులాస్థి మొన వేలికి గుచ్చుకుంటోంది. ఆయన రెండుసార్లు అటూ ఇటూ తడిమి చూశాడు. తర్వాత మాట్లాడలేదు.

గాలిగొట్టం మొదట్లో రెండు పక్కలా రెండు రెప్పలుంటాయి, పీల్చినప్పుడు రెండూ విప్పుకోవాలి. ఎడమ రెప్పని కదిపే నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకి రాదు. మెడ వెంట ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని చుట్టి, మళ్లీ గొంతు దాకా ఎక్కి వస్తుంది. రెండు మీటర్ల పైమాటే. అంత పొడవు నరం చివర్లో చచ్చుబడితే కండ కరిగిపోతుంది, రెప్ప దారికి అడ్డంగా వేలాడుతుంది. పొడుగు గుర్రాలకి, రేసులకి పెంచే థారోబ్రెడ్‌లకి ఇది ఎక్కువ. మలక్‌పేటలో అలాంటిదాన్ని రోరర్, అంటే గర్జించేది, అనేవాళ్లం. ఆ తెల్లదానికి తర్వాత డాక్టరుగారు ముక్కులోంచి ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నగొట్టం, పెట్టి చూపించారు. కుడి రెప్ప తెరుచుకుంటోంది, ఎడమది కదలట్లేదు.

పందెం రోజు రాత్రే ఇంకో గొడవ. పందెంలో ఓడింది కదా అని ఎవరో వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె తెచ్చారు, తల పైకెత్తి వెదురుగొట్టంతో పోస్తామని. ఈ గొట్టం వైద్యం మీద నాకు చాలా కోపం. తల ఎత్తి పోస్తే అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నూనె అయితే మరీ ప్రమాదం. న్యుమోనియా పట్టి వారం తిరక్కుండా పోయిన గుర్రాన్ని చూశాను. "కాటికి మందు, రోగానికి కాదు" అని మా తాత తిట్టేవాడు. ఆ రాత్రి పోయనివ్వలేదు.

ఇంకోటి, పొగ. సాయంత్రమయ్యేసరికి దోమలని పాకలో పిడకలు, వేపాకు రాజేస్తారు. పక్కనే వరిగడ్డి కుప్ప, తడిసి ఆరి బూజుపట్టినది. ఆ దుమ్ము, ఆ బూజు, ఆ పొగ రాత్రంతా పీల్చిన గుర్రానికి ఆస్తమా వస్తుంది, మనిషికి వచ్చినట్టే. దగ్గు, ముక్కు కారడం, డొక్కలు ఎగరెయ్యడం. పొగ ఆపి, పాక రెండుపక్కలా గాలి ఆడేలా చేసి, గడ్డి నీళ్లలో తడిపి కిందపెట్టి మేపితే సగం గుర్రాలు బాగుపడతాయని నా నమ్మకం. ఇది ఎవరూ చెయ్యరు. గుర్రానికి పూసలు, కుచ్చులు కొనడానికి డబ్బులుంటాయి, దోమతెరకి ఉండవు. పెళ్లి ఊరేగింపుల్లో డీజే పెట్టెల ముందు నిలబెట్టి, ముఖం దగ్గర టపాకాయల పొగ వదిలేవాళ్ల గురించి రాస్తే ఈ జవాబు తెల్లారదు.

మీ గుర్రం హైదరాబాదు నుంచి లారీలోనే వచ్చి ఉంటుంది, తల పైకి కట్టేశారా? రాత్రంతా తల దించుకోలేకపోతే కఫం కిందికి జారి ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది. జ్వరం ఉందేమో ముందు అది చూడండి.

తర్వాత చప్పుడు ఎప్పుడొస్తోందో వినండి. పీల్చేటప్పుడు వస్తూ వేగంతోపాటు పెరుగుతుంటే ఎడమ రెప్పని అనుమానించాలి. చివర్లో ఉన్నట్టుండి గొంతు పట్టేసి, వదిలేటప్పుడు గురగురమని, గుటక వేశాక సర్దుకుంటే అది మెత్తటి అంగిలి, అంటే నోటి పైకప్పు వెనక భాగం, పైకి లేచి అడ్డం పడటం. రేసుల్లో నాలుకకి పట్టీ కట్టేది అందుకే. పరుగు తర్వాత ముక్కులో రక్తం కనిపిస్తే మాత్రం చాలావరకు ఊపిరితిత్తులదే, గొంతుది కాదు.

రెప్పకి ఆపరేషను ఉంది. దాన్ని దారంతో వెనక్కి లాగి కట్టేస్తారు, టై-బ్యాక్ అంటారు. ఆ తర్వాత మేత గాలిగొట్టంలోకి జారి దగ్గు పట్టుకునే ప్రమాదమూ ఉంది. ఊరి పందెం కోసం అంత పని నేనైతే చేయించను. నెమ్మదిగా నడిపితే ఆ జబ్బు గుర్రాన్ని బాధపెట్టదు. తెల్లది ఇప్పుడు నడకకే పరిమితం, మావయ్య పిల్లల్ని ఎక్కించి పొలం గట్ల మీద తిప్పుతున్నాడు.

పరిగెత్తుతున్నప్పుడు చప్పుడు వినిపించేలా ఫోనులో వీడియో తీయండి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ చూపించి ఎండోస్కోపు ఎక్కడ చేయించాలో అడగండి. ఈ సంక్రాంతి పందెం వదిలేయమనండి మీ తమ్ముణ్ణి. వినకపోతే మీ ఊరి పేరు చెప్పండి, నేనే వచ్చి ఆయన చెయ్యి దాని గొంతు మీద పెడతాను.