మచ్చల కథ రెండుసార్లు చెప్పినవాడు

ప్రశ్న: మారతహళ్లి పీజీలో మా రూములో ముగ్గురం తెలుగువాళ్లమే. బ్యాట్‌మాన్ కథల్లోని విలన్ జోకర్‌గా హీత్ లెడ్జర్ గొప్పా, వాకీన్ ఫీనిక్స్ గొప్పా అని శనివారం రాత్రి మొదలైన గొడవ ఆదివారం టిఫిన్ దాకా నడిచింది. ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది. లెడ్జర్ చనిపోయాడు కాబట్టే జాలితో ఇచ్చారని ఒకడి వాదన. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నా ఓటు లెడ్జర్‌కే.

2008 'ది డార్క్ నైట్'లో జోకర్ తన బుగ్గల మీది మచ్చల కథ రెండుసార్లు చెబుతాడు. ఒకసారి తాగొచ్చిన నాన్న కోశాడంటాడు, ఇంకోసారి భార్య కోసం తనే కోసుకున్నానంటాడు, రెండూ అంతే నమ్మకంగా చెబుతాడు. రెండో కథ వింటున్నప్పుడే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే వీడి పేరేంటో, ఊరేదో, ఎందుకిలా అయ్యాడో మనకు ఎప్పటికీ తెలియదని అక్కడే అర్థమవుతుంది. బ్రిగేడ్ రోడ్డు హాల్లో చూసి ఇన్నేళ్లయినా ఆ పెదాలు నాక్కోవడం కళ్లముందే ఉంది. జాలి సంగతంటారా, అతను 28 ఏళ్లకే 2008 జనవరిలో పోయాడు, సినిమా జూలైలో వచ్చింది, ఆ బాధ అందరికీ ఉంది. కానీ నర్సు బట్టల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని మాట్లాడే సీను మీ స్నేహితుడికి మళ్లీ ఒకసారి చూపించండి, అప్పుడు కూడా జాలి అంటాడేమో అడగండి.

ఫీనిక్స్‌ని తక్కువ చెయ్యను. 2019 'జోకర్' కోసం 20 కిలోలకు పైగా తగ్గాడు. బస్సులో నవ్వు ఆపుకోలేక, ఊపిరాడక, తనకున్న జబ్బు గురించి రాసిన కార్డు తీసి ఒకావిడకు ఇస్తాడే, అక్కడ నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ జోకర్‌కి ఆర్థర్ అని పేరుంది, తల్లి ఉంది, మందులు ఆగిపోవడానికి కారణం ఉంది. అంతా తెలిశాక అతని మీద జాలేసింది గానీ భయం వెయ్యలేదు. 'సీతారామ కల్యాణం'లో ఎన్టీఆర్ రావణుడు శివుడి కోసం వీణ వాయిస్తుంటే మనసు కరుగుతుంది, 'సంపూర్ణ రామాయణం'లో ఎస్వీ రంగారావు రావణుడిని చూస్తే గుండె దడదడలాడుతుంది. ఇదీ అలాంటిదే. నాకు జోకర్ అంటే దడ పుట్టాలి, అందుకే లెడ్జర్.

1989 'బ్యాట్‌మాన్' సినిమాలో జోకర్ వేసిన జాక్ నికల్సన్‌ని మీ ముగ్గురూ మర్చిపోయారు. మ్యూజియంలో పాటకు చిందులేస్తూ బొమ్మలు పాడుచేసే సీను చూడండి, చంపడంలో అంత హుషారు ఇంకే జోకర్‌లోనూ లేదు. 2016 'సూసైడ్ స్క్వాడ్'లో జోకర్ వేసిన జారెడ్ లెటోకి ఒంటినిండా పచ్చబొట్లు వేశారు గానీ నటించడానికి సీన్లే ఇవ్వలేదు.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. 2019 'జోకర్' చూస్తానని ఒకటే గోల. చూపించొచ్చా?
– ఒక తల్లి, కె.ఆర్. పురం

జవాబు: వద్దమ్మా. అది పెద్దవాళ్ల సినిమా, మన దగ్గర 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చారు. బదులుగా 1966లో మొదలైన 'బ్యాట్‌మాన్' టీవీ సీరియల్‌లో సీజర్ రొమేరో జోకర్‌ని చూపించండి. ఆయన మీసం తియ్యనంటే దాని మీదే తెల్లరంగు పూసేశారు. దగ్గర షాట్లలో బాగా కనిపిస్తుంది, మీసం ఎక్కడుందో కనిపెట్టమని బాబుని అడగండి.