ఒక్క వాక్యంలో దులిపేసిన పద్దెనిమిదేళ్లు

అమ్మాయీ,

ఆశీస్సులు. అమెరికా హెవీ మెటల్ (హోరుగా సాగే ఒక తరహా రాక్ సంగీతం) గాయకుడు రోనీ జేమ్స్ డియో మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు కోపం ఆగలేదు. “ఎన్నో చిన్నాచితకా బ్యాండ్లలో తిరిగి తిరిగి, చివరికి 1975లో రెయిన్‌బోతో వెలుగులోకి వచ్చాడు” అని రాశావు. 1957 నుంచి లెక్కేస్తే పద్దెనిమిదేళ్లమ్మా అవి! పదిహేనేళ్ల కుర్రవాడు ముప్పై మూడేళ్ల వాడయ్యాడు ఆ లోపల. ఆ కాలమంతా ఒక్క వాక్యంలో దులిపేసి, మిగిలిన పేజీలన్నీ ఆయన తర్వాత చేరిన బ్లాక్ సబ్బత్ అనే బ్యాండులోని గొడవలకూ, అమ్ముడుపోయిన రికార్డులకూ ధారపోశావు.

మెచ్చుకోవలసింది ఒకటుంది, ముందు అది చెప్పేస్తాను. డియో వేదిక మీద చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి చూపే ఆ గుర్తు ఇటలీ మూలాలున్న బామ్మ దగ్గర నేర్చుకున్నదని చెబుతూ, “మన ఇళ్లలో దిష్టి తీసినట్టే ఆమె ఆ వేళ్లతో చెడు చూపును తిప్పికొట్టేది” అన్నావు. అది నువ్వు కళ్లతో చూసి రాసిన వాక్యం. బ్లాక్ సబ్బత్ మునుపటి గాయకుడు ఓజీ ఆస్బర్న్ వేదిక మీద శాంతి గుర్తు చూపేవాడు కనుక, ఆయన స్థానంలోకి వచ్చిన డియో దాన్ని అనుకరించకుండా బామ్మ గుర్తును పట్టుకున్నాడన్నదీ సరిగ్గా చెప్పావు. ఆ పేరా ముట్టుకోవద్దు.

కానీ ఆ మొదలేమిటి? 2010 మే 16, కడుపు క్యాన్సర్, ఆస్పత్రి మంచం. ఈ ఎత్తుగడ నీది కాదు, పత్రికలు నీకు అంటించినది. కళాకారుడి మీద వ్యాసమంటే చావుతో మొదలుపెట్టాలి, చదివేవాళ్ల కళ్లు చెమర్చాక బాల్యంలోకి వెళ్లాలి అని కొన్నేళ్లుగా సంపాదకులు పట్టుబట్టి రాయించుకుంటున్నారు. ఒక మనిషి అరవయ్యేడేళ్లు బతికి చేసిన పనికి ఆయన జబ్బు వాకిలి కాకూడదు. చనిపోయిన తేదీకి ఒక్క వాక్యం చాలు, అదీ దాని వరుసలో వస్తే చాలు.

నువ్వు మొదలుపెట్టవలసిన ఊరు కోర్ట్‌లాండ్. న్యూయార్క్ నగరం కాదు, ఆ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణం. 1942లో న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో పుట్టిన రోనాల్డ్ జేమ్స్ పాడవోనా (అదే డియో అసలు పేరు) పెరిగింది అక్కడే. అయిదేళ్లకే చేతికి ట్రంపెట్ వచ్చింది. 1957లో బడి స్నేహితులతో కలిసి వేగస్ కింగ్స్ అనే బృందం కట్టాడు. అందులో మొదట ఆయన గాయకుడు కాడు, బాస్ గిటార్ వాయించేవాడు! ఇది నీ వ్యాసంలో ఎక్కడుంది? తర్వాత ఆ బృందమే రోనీ అండ్ ద రంబ్లర్స్, రోనీ అండ్ ద రెడ్ క్యాప్స్ అని పేర్లు మార్చుకుంటూ పోయింది. 1958లోనే ఒక చిన్న రికార్డు విడుదల చేసింది. 1961లో రోనీ డియో అండ్ ద ప్రాఫెట్స్ అయింది. 1963లో వాళ్లు తెచ్చిన ఆల్బమ్ పేరు డియో ఎట్ డొమినోస్. డొమినోస్ అంటే వాళ్ల ఊళ్లోని రెస్టారెంటు. జనం భోంచేస్తూ కూర్చున్న చోట నిలబడి, అప్పటి ప్రేమపాటలు పాడిన మనిషి ఆయన. హెవీ మెటల్ అనే మాటే అప్పటికి సంగీతంలో లేదు.

“ఉరిమే గొంతు”, “మెటల్ చక్రవర్తి” అని నాలుగు చోట్ల రాశావు. ఆ గొంతు ఎలా తయారైందో మాత్రం ఒక్క చోటా చెప్పలేదు. నా పట్టుదల ఇదే, దీని మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను: గాయకుడి గురించి రాసేవాళ్లు ముందు ఊపిరి గురించి రాయాలి. తాను గాత్రపాఠాలు నేర్చుకోలేదనీ, ఊపిరి పట్టడం ట్రంపెటే నేర్పిందనీ డియో స్వయంగా చెప్పుకున్నాడు. ట్రంపెట్ వాయించేవాళ్లను దగ్గరగా చూశావా? పెదవుల అంచులు బిగించి ఇత్తడికి ఆనిస్తారు. గాలి పొట్టలోంచి ఒకే ధారగా రావాలి. మొదట్లోనే ఊపిరి ఖర్చుపెట్టేస్తే చివరి స్వరం వణికి చచ్చిపోతుంది. చిన్నప్పటి నుంచి అది సాధన చేసినవాడు పాటకు వచ్చేసరికి అరవవలసిన అవసరమే లేదు. 1976 నాటి రెయిన్‌బో రైజింగ్‌లో, ఎనిమిది నిమిషాలు దాటిన స్టార్‌గేజర్ పాట పెట్టుకుని విను. వెనుక గిటార్లూ డ్రమ్ములూ చాలక పెద్ద ఆర్కెస్ట్రా కూడా మోగుతోంది. అన్నిటి మీదా ఆ గొంతు తేటగా నిలబడి ఉంటుంది. ఎక్కడ గాలి తీసుకుంటున్నాడో గమనించి, అది రాయి. అప్పుడు “ఉరిమే” అనే మాట అక్కర్లేదని నీకే తెలుస్తుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. ఒకప్పుడు ఒక పద్యనాటక నటుడి మీద వ్యాసం రాశాను. కృష్ణుడి వేషానికి పేరున్న మనిషి. మైకుల్లేని రోజుల్లో ఊరి చివరి దాకా వినబడేలా పాడినవాడు. పద్యం చివర రాగం అంతసేపు ఎలా నిలుపుతారని అడిగితే, నా అరచెయ్యి తీసి తన పక్కటెముకల మీద పెట్టుకుని పాడాడు. ఎముకలు విచ్చుకున్నాయి, రాగం సాగినంతసేపూ అలాగే ఉన్నాయి, చివర్లో మెల్లగా దిగాయి. ఆ నాలుగు పేరాలు రాయడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. అచ్చులో చూసుకుంటే అవే లేవు! సన్మానాల జాబితా మాత్రం ఒక్కటీ తగ్గకుండా వేశారు. స్థలం చాలలేదన్నారు. ఆ సంపాదకుడితో మళ్లీ నేను మాట్లాడలేదు. అందుకే నీ చేత్తో నువ్వే ఆ భాగం వదిలేసుకుంటే నాకు బాధగా ఉంది.

ఇంకా చూడు. 1967లో ప్రాఫెట్స్ రద్దయి ఎలక్ట్రిక్ ఎల్వ్స్ అయింది. 1968 ఫిబ్రవరిలో వాళ్ల వాహనం ప్రమాదానికి గురై గిటారిస్టు నిక్ పాంటస్ చనిపోయాడు, మిగిలినవాళ్లు గాయపడ్డారు. అయినా బృందం ఆగలేదు. అదే ఎల్ఫ్ అయింది. 1972లో డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందం సభ్యులు రోజర్ గ్లోవర్, ఇయాన్ పేస్ దాని మొదటి ఆల్బమ్‌కు నిర్మాతలయ్యారు. ఆ ఆల్బమ్ మీద ఆయన పేరు డియో అని ఉండదు, రోనాల్డ్ పాడవోనా అనే ఉంటుంది. అమ్మానాన్నల పేరు ఒక్కసారైనా రికార్డు మీద కనబడాలనుకున్నాడు. తర్వాత డీప్ పర్పుల్ కచేరీలకు ముందు పాడుతూ ఊరూరా తిరిగారు. 1975లో డీప్ పర్పుల్ నుంచి బయటపడ్డ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్, ఎల్ఫ్ నుంచి డియోనూ, బాస్, డ్రమ్స్, కీబోర్డ్ వాయించేవాళ్లనూ తీసుకుని రెయిన్‌బో కట్టాడు. ఎల్ఫ్ గిటారిస్టుకు మాత్రం చోటు లేదు. రెండో ఆల్బమ్ నాటికి ఎల్ఫ్ నుంచి వచ్చినవాళ్లలో డియో తప్ప ఎవరూ మిగల్లేదు. నువ్వు “వెలుగులోకి వచ్చాడు” అన్నది ఈ సంగతిని! తోటివాళ్లందరూ వెళ్లిపోగా ఒక్కడే వేదిక మీద మిగిలిన మనిషికి ఆ వెలుగు ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించావా?

ఆయన ఆత్మకథ సంగతి. అది తాను మొదలుపెట్టి పూర్తి చెయ్యకుండానే పోయాడు. భార్య వెండీ, పాత్రికేయుడు మిక్ వాల్ పూర్తి చెయ్యగా 2021లో వచ్చింది. 1986 దగ్గర కథ ఆగుతుంది. నువ్వు మాత్రం అందులోని ప్రతి మాటనూ డియో నోటి మాటగానే ఎత్తి రాశావు. అలా చెయ్యకూడదు. వేరే చేతులు కలిసిన పుస్తకమని పాఠకుడికి ముందే చెప్పు. అంతకన్నా ముఖ్యం, కోర్ట్‌లాండ్ రోజులను ఆయన ఎంత ఇష్టంగా చెప్పుకున్నాడో చూడు. ఆయనకు ముఖ్యమైన సంవత్సరాలు నీకెందుకు కాలేదో నాకు అర్థం కాలేదు.

కలం పేరు గురించీ, పుస్తకం ఎవరు వేస్తారన్న దాని గురించీ నువ్వు అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందు వ్యాసం తిరగరాయి. 1979 తర్వాతి కథకు ఒక పేజీ చాలు. హెవెన్ అండ్ హెల్, హోలీ డైవర్ ఆల్బమ్‌లు అందరూ విన్నవే. డొమినోస్‌లో రికార్డు చేసిన ఆ పాటలు సంపాదించి విను, ఏ పాటలో ఏం వినబడిందో కాగితం మీద పెట్టు. పొడవు గురించి బెంగపడకు. పత్రికకు పంపే ముందు నాకు పంపు. ఎవరైనా ఆ భాగం తీసెయ్యమంటే వ్యాసమే వెనక్కి తెచ్చుకో, నీకు అండగా నేనుంటాను.

ఇట్లు,
నీ మాస్టారు